పెట్టతో పొదిగించాలా, మిషన్‌తోనా, పిల్లల్నే తెచ్చుకోవాలా?

ఇంటి వెనక నాలుగైదు కోళ్ళు పెంచుకుందామనుకునేవాళ్ళు మొదట అడిగేది "ఏ ఇంక్యుబేటర్ (గుడ్లు పొదిగే మిషన్) మంచిది?" అని. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇప్పుడైతే ఆ ప్రశ్నను చివర్లో అడగమంటాను. గుడ్డులోంచి పిల్ల రావడానికి పట్టేది 21 రోజులే. ఆ పిల్ల పెరిగి గుడ్డు పెట్టడానికి మరో ఐదారు నెలలు పడుతుంది. డబ్బూ ఓపికా ఖర్చయ్యేది ఎక్కువగా ఆ నెలల్లోనే. ఏ దారి ఎంచుకోవాలన్నా ఆ నెలల్ని చూసే ఎంచుకోవాలి.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. గుడ్లు మాత్రమే కావాలనుకుంటే పెరిగిన పెట్టల్ని తెచ్చుకోండి, పొదిగించే జోలికి పోకండి. పిల్లల్ని చూడాలని, మంద మెల్లగా పెంచుకోవాలని ఉంటే, పొదుగుకొచ్చే పెట్ట ఉన్నన్నాళ్ళూ దానికే వదిలేయండి. పెట్ట లేనప్పుడు, లేదా మీకు కావలసినప్పుడు అది పొదుగుకు రానప్పుడు మిషన్ గురించి ఆలోచించండి. ఇలా ఎందుకంటున్నానో చెప్తాను.

ముందు పుంజుల లెక్క

ఇంట్లో పొదిగించిన గుడ్లలో దాదాపు సగం పుంజులే వస్తాయి. కోళ్ళలో ఆడా మగా తేల్చే క్రోమోజోమ్ పెట్ట నుంచి వస్తుంది. గుడ్డు తయారయ్యేటప్పుడే ఆ సంగతి తేలిపోతుంది. కోలగా ఉన్న గుడ్డులో పుంజు, గుండ్రంగా ఉన్నదాంట్లో పెట్ట అని చెప్పేవాళ్ళు మీకూ తగులుతారు, నమ్మకండి. మిషన్‌లో వేడి కాస్త తగ్గిస్తే పెట్టలు ఎక్కువ వస్తాయన్న మాట కూడా అలాంటిదే. తాబేళ్ళలో, మొసళ్ళలో వేడిని బట్టి ఆడా మగా మారుతుంది. కోళ్ళలో అలా మారదు.

కాబట్టి నాలుగు పెట్టలు కావాలంటే డజను గుడ్లు పెట్టాలి. ఎనిమిది పిల్లలు దక్కితే సంతోషించాలి. అందులో నాలుగు పెట్టలు, నాలుగు పుంజులు అనుకోండి. ఆ నాలుగు పుంజుల్ని ఏం చేస్తారు? ఎనిమిది, పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. నాలుగు పెట్టల మధ్య నాలుగు పుంజులుంటే పెట్టల వీపు మీద ఈకలు మిగలవు, పుంజులు ఒకదాన్నొకటి రక్తాలు కారేలా పొడుచుకుంటాయి. పక్కింటివాళ్ళు తెల్లవారుజామున కూతల్ని ఎన్నాళ్ళు ఓర్చుకుంటారో కూడా చూడాలి. ఇళ్ళ మధ్య పుంజును ఉంచుకోనివ్వని ఊళ్ళు కూడా ఉన్నాయి, అది ముందే కనుక్కోండి. కోసుకోవడానికి మనసొప్పదు, ఇద్దామంటే తీసుకునేవాళ్ళు లేరు అన్న పరిస్థితైతే, ఈ ఒక్క కారణం చాలు పొదిగించడం మానుకోవడానికి.

ఇంకో సందేహం తరచూ వస్తుంది. పుంజు లేకుండా పెట్ట గుడ్లు పెడుతుందా? పెడుతుంది. ఆ గుడ్లు తినడానికే, వాటిలోంచి పిల్లలు రావు.

కొని తెచ్చుకోవడం

గుడ్లకు రాబోతున్న పెట్టల్ని, అంటే 16 నుంచి 20 వారాల వాటిని తెచ్చుకుంటే ఏది పెట్టో ఏది పుంజో కళ్ళకే తెలుస్తుంది, వేడి అక్కర్లేదు, కొద్ది వారాల్లో గుడ్డు చేతికొస్తుంది. ఖర్చు ఎక్కువ అనిపిస్తుంది కానీ ఐదు నెలల దాణా, కరెంటు, చచ్చిపోయే పిల్లల లెక్క కలిపితే తేడా పెద్దగా ఉండదు. ఇబ్బందల్లా అవి ఏ జబ్బుతో, ఏ పేలతో వస్తాయో తెలియకపోవడమే. ఇంట్లో ముందే కోళ్ళుంటే కొత్తవాటిని రెండు నుంచి నాలుగు వారాలు దూరంగా ఉంచి చూసిన తరవాతే కలపాలి. కలిపేటప్పుడు కూడా ఓ వారం మధ్యలో జాలీ ఉంచి, ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి. నేరుగా వదిలితే పాతవి కొత్తవాటిని తిండి దగ్గరికి రానివ్వవు.

ఒక రోజు వయసు పిల్లల్ని తెచ్చుకోవడం మధ్యేమార్గం. గుడ్డులోంచి బయటికొచ్చే ముందే పిల్ల మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది. అందుకే పుట్టాక రెండు రోజులపాటు తిండీ నీళ్ళూ లేకపోయినా తట్టుకుంటుంది, దూరాలకు పంపగలుగుతున్నారు. హేచరీలో, అంటే పిల్లల్ని పొదిగించి అమ్మే చోట, చేయి తిరిగినవాళ్ళు పెట్టల్ని వేరుచేసి ఇస్తారు, అయినా నూటికి కొన్ని తప్పుతాయి. పుట్టగానే రంగును బట్టి ఆడా మగా తెలిసే సంకరజాతులూ ఉన్నాయి, వాటిలో తప్పడం అరుదు. పైగా మారెక్స్ అనే కోళ్ళ జబ్బుకు టీకా పుట్టిన రోజే వేయాలి. అది ఇంట్లో చేసుకోవడం కష్టం, హేచరీలో వేయించుకోవడం తేలిక. సంకరజాతి పెట్టల గుడ్లను తరవాత మీరు పొదిగిస్తే వచ్చే పిల్లలు తల్లిలా ఉండవు, గుడ్ల సంఖ్యలోనూ రంగులోనూ ఏదో ఒకటి మారుతుంది. అది గుర్తుంచుకుంటే చాలు.

పెట్ట పొదుగుకొస్తే

పొదుగుకొచ్చిన పెట్టను గుర్తుపట్టడం కష్టం కాదు. రాత్రి కూడా గూటికి ఎక్కకుండా గుడ్ల మీదే ఉంటుంది. దగ్గరికి వెళితే ఈకలు నిక్కబొడుచుకుని రెట్టింపు సైజుకు ఉబ్బుతుంది, చెయ్యి పెడితే పొడుస్తుంది. రొమ్ము దగ్గర ఈకలు పీక్కుంటుంది, గుడ్డు పెట్టడం ఆపేస్తుంది. రోజుకు ఒకసారి మాత్రం లేచి, అరగంటలోపు తిని, తాగి, భరించలేని కంపుతో పెద్ద రెట్ట వేసి మళ్ళీ వెళ్ళి కూర్చుంటుంది. ఆ రెట్టను చూసి పెట్టకు జబ్బు చేసిందని టెన్షన్ పడకండి.

అన్ని పెట్టలూ పొదగవు. ఏడాది పొడవునా గుడ్లు పెట్టేలా తయారుచేసిన జాతుల్లో ఆ గుణం దాదాపు పోయింది. లెగ్‌హార్న్ పెట్ట పొదుగుకు వస్తుందని ఎదురుచూడటం వృథా. సిల్కీ, కొచిన్ జాతులు మాత్రం వద్దన్నా కూర్చుంటాయి. నాటు కోళ్ళలో కూడా పొదిగే గుణం మిగిలే ఉంటుంది.

పెట్ట చేసే పని లెక్కగడితే మిషన్ ఎందుకు కష్టమో అర్థమవుతుంది. రోజుకు ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లను తిప్పుతుంది. అంచున ఉన్నవాటిని మధ్యలోకి లాక్కుంటుంది. తన ఒంటి వేడి, ఒంటి చెమ్మ తనకే తెలుసు. చివరి రోజుల్లో గుడ్డులోని పిల్ల కిచకిచమంటే పెట్ట లోగొంతుతో బదులిస్తుంది. పుట్టాక వేడి, కాపలా, తిండి వెతుక్కోవడం నేర్పడం అన్నీ అదే చూసుకుంటుంది. మీరు బల్బు కొనక్కర్లేదు, రాత్రుళ్ళు లేవక్కర్లేదు.

అయితే పెట్ట దారి ఉచితమేమీ కాదు. మూడు వారాల పొదుగు, ఆ తరవాత ఐదు నుంచి ఎనిమిది వారాలు పిల్లల్ని తిప్పడం. దాదాపు రెండున్నర నెలలు ఆ పెట్ట గుడ్లు ఉండవు. నాలుగే పెట్టలున్న ఇంట్లో అది పావు వంతు గుడ్లు తగ్గడమే. అది కింద పెట్టుకోగలిగేది కూడా ఒళ్ళును బట్టే: పెద్ద పెట్టకు 10, 12 గుడ్లు, బాంటమ్ అనే చిన్న జాతి పెట్టకు 5, 6. ఆశకొద్దీ ఎక్కువ పెడితే అంచు గుడ్లు చల్లారుతాయి. పెట్ట వాటిని తిప్పుతూ లోపలికి తెస్తే లోపలివి అంచుకు వెళ్ళి అవీ పోతాయి.

మొదటిసారి నేను చేసిన తప్పు చెప్తాను. పొదుగుకొచ్చిన పెట్టను పట్టపగలు ఎత్తి వేరే గంప కిందికి మార్చాను. అది లేచి పాత చోటికే పరిగెత్తింది, గుడ్లు చల్లారిపోయాయి. మార్చాలంటే చీకటి పడ్డాక మార్చాలి. ముందు రెండు మూడు రోజులు ఉత్తుత్తి గుడ్లు, గుడ్డు ఆకారంలో చెక్కముక్కలైనా సరే, పెట్టి చూడాలి. నిలకడగా కూర్చుందని తేలాక ఓ రాత్రి అసలు గుడ్లన్నీ ఒకేసారి పెట్టాలి. పెన్సిల్‌తో గుర్తు వేయండి, ఎందుకంటే మిగతా పెట్టలు వచ్చి అదే చోట గుడ్లు పెట్టిపోతాయి. గుర్తు లేని గుడ్డును ఏ రోజుకారోజు తీసేయకపోతే 21వ రోజుకు సగం పిల్లలు, సగం పచ్చి గుడ్లు ఉంటాయి. పిల్లలు పుట్టగానే పెట్ట లేచి వెళ్ళిపోతుంది, మిగిలినవి మురిగిపోతాయి. కూర్చోబెట్టే ముందు పేలకు మందు పొడి చల్లడం కూడా మరవకండి. మూడు వారాలు కదలని పెట్టను పేలు పీల్చేస్తాయి, తట్టుకోలేక పొదుగు వదిలేసే పెట్టలుంటాయి.

మిషన్ అయితే

ఇంక్యుబేటర్‌లో ఎన్ని రకాలున్నా మీరు తేల్చుకోవలసింది మూడే: ఫ్యాన్ ఉందా, గుడ్లు తనే తిప్పుతుందా, థర్మామీటర్ నమ్మదగ్గదా.

ఫ్యాన్ ఉన్నదాంట్లో వేడి అన్ని మూలలా ఒకేలా ఉంటుంది, 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెడితే సరి. ఫ్యాన్ లేనిదాంట్లో వేడిగాలి పైకి, చల్లగాలి కిందికి చేరుతుంది. కాబట్టి కొలత గుడ్ల పైభాగం ఎత్తులో తీసుకోవాలి, అక్కడ 38.5 దాటి, 39 మించకుండా ఉండాలి. థర్మామీటర్ రెండంగుళాలు అటూ ఇటూ పెడితే లెక్క మారిపోతుంది. చవకని ఫ్యాన్ లేనిది కొనేవాళ్ళను నేను ఆపుతాను. మొదటిసారి పొదిగించేవాళ్ళకు అది సరైనది కాదు.

తనంతట తాను తిప్పే ఏర్పాటు సౌకర్యం మాత్రమే, తప్పనిసరి కాదు. చేత్తో తిప్పినా పిల్లలు వస్తాయి. కనీసం రోజుకు మూడుసార్లు తిప్పాలి. మూడు, ఐదు ఇలా బేసి సంఖ్య ఎందుకంటే, రాత్రి ఎక్కువసేపు కదలకుండా ఉండే వైపు ఒకరోజు ఇటు, మరునాడు అటు పడాలి. ఉద్యోగానికి పోయి సాయంత్రం తిరిగొచ్చేవాళ్ళైతే మాత్రం తిప్పే మిషనే కొనండి. ఎలాగైనా 18వ రోజు తిప్పడం ఆపేయాలి.

థర్మామీటర్ సంగతి నా ఒంటికి తగిలిన పాఠం. నా మొదటి విడత 14 గుడ్లు పెట్టాను. మిషన్ తెర మీద రోజూ 37.5 అనే చూపించింది. 21వ రోజు ఏమీ లేదు, 22వ రోజూ లేదు. అన్నీ పోయాయనుకుని పారేయబోతుంటే 23వ రోజు ఒకదానికి చిల్లు పడింది. మొత్తం మూడు పిల్లలు వచ్చాయి, రెండు సరిగ్గా నిలబడలేకపోయాయి. తరవాత చూస్తే లోపల నిజంగా ఉన్నది ఒక డిగ్రీకి పైగా తక్కువ. ఎలా తెలిసిందంటే, ఇంట్లో జ్వరం చూసే థర్మామీటర్‌నూ, మిషన్‌లో పెట్టే విడి థర్మామీటర్‌నూ ఒకే గోరువెచ్చని నీళ్ళలో పక్కపక్కన ముంచాను. జ్వరం థర్మామీటర్ సరిగ్గా మనకు కావలసిన వేడి దగ్గరే కచ్చితంగా చూపిస్తుంది. ఆ తేడా రాసుకుని, విడి థర్మామీటర్‌ను మిషన్‌లో పెట్టి, తెర మీది అంకెను సరిచేసుకోవచ్చు. వేడి తగ్గితే పిల్లలు ఆలస్యంగా, నీరసంగా వస్తాయి. పెరిగితే ముందుగానే, బొడ్డు మూసుకోకుండా వస్తాయి. 40 డిగ్రీలు దాటడం మాత్రం చాలా ప్రమాదం. కరెంటు పోయి గంట చల్లబడితే గుడ్లు తట్టుకుంటాయి, దుప్పటి కప్పి మూత తీయకుండా ఉంటే చాలు. అదే గంట వేడెక్కితే తట్టుకోవు.

చెమ్మ కొలిచే మీటర్లు ఇంకా ఘోరం. వాటికీ ఓ పరీక్ష ఉంది. చిన్న గిన్నెలో ఉప్పు వేసి తడి ఇసుకలా అయ్యేటంత నీళ్ళు కలిపి, ఆ గిన్నెనూ మీటర్‌నూ గాలి చొరబడని డబ్బాలో మూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 శాతం చూపించాలి. 70 చూపిస్తే ఎప్పుడూ ఐదు కలుపుకోవాలని అర్థం. మొదటి 18 రోజులు చెమ్మ 45 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70. ఈ అంకెల వెనక ఉన్న అసలు సంగతి గుడ్డు బరువు. 18 రోజుల్లో గుడ్డు తన బరువులో 11 నుంచి 13 శాతం నీటిని కోల్పోవాలి. 60 గ్రాముల గుడ్డు 53 గ్రాముల దరిదాపుకు రావాలన్నమాట. వంటింటి త్రాసు ఉంటే మీటర్ కంటే దాన్నే నమ్మండి. బరువు మరీ తగ్గుతుంటే మిషన్‌లో నీళ్ళు పోయాలి, తగ్గకపోతే నీళ్ళు తీసేయాలి.

చివరి మూడు రోజులు మూత తీయడం మానేయడమే అన్నిటికన్నా కష్టమైన పని. చిల్లు పడ్డాక పిల్ల బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పట్టొచ్చు. ఆ సమయంలో అది ఊరికే పడుకోదు. పెంకు లోపలి పొరలో రక్తనాళాల్లో ఉన్న రక్తాన్ని, పచ్చసొనను ఒంట్లోకి లాక్కుంటూ ఉంటుంది. జాలిపడి పెంకు ఒలిస్తే రక్తం కారి చచ్చిపోతుంది. మూత తీస్తే చెమ్మ పోయి, పొర ఎండి పిల్లకు అంటుకుపోతుంది. పక్క గదికి వెళ్ళి ఏదైనా పని చూసుకోండి.

గుడ్లు బాగుంటేనే ఇదంతా

పెట్ట అయినా మిషన్ అయినా బాగోలేని గుడ్డును బాగుచేయలేవు. ఇంటి పెట్టల గుడ్లయితే ముందు ఒకటి రెండు పగలగొట్టి చూడండి. పచ్చసొన మీద తెల్లచుక్క చుట్టూ ఉంగరంలా వలయం కనిపిస్తే పుంజు కలిసిన గుడ్డు. వలయం లేకుండా చిన్న ముద్దలా తెల్లచుక్క మాత్రమే ఉంటే కాదు. ఏరిన గుడ్లను కడగకండి, పెంకు మీది సన్నని పొరే క్రిములను ఆపేది. ఫ్రిజ్‌లోనూ వద్దు. 13 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో సన్నటి కొస కిందికి పెట్టి ఉంచితే ఏడు రోజుల దాకా ఢోకా లేదు. ఆ తరవాత రోజురోజుకూ పిల్లలు తగ్గుతాయి. దూరం నుంచి తెప్పించిన గుడ్లయితే రాగానే మిషన్‌లో పెట్టకుండా ఓ రోజు అలాగే కొస కిందికి పెట్టి తేరుకోనివ్వండి. కుదుపులకు గుడ్డు లావు కొసలో ఉండే గాలిగది కదిలిపోయి ఉంటుంది. వాటిలో సగం పిల్లలు వచ్చినా మంచి ఫలితమే అనుకోండి.

ఏడో రోజున చీకట్లో టార్చి పెట్టి చూస్తే సాలెగూడులా రక్తనాళాలు కనిపించాలి. ఏమీ లేకుండా తేటగా ఉంటే తీసేయండి. ఎర్రటి వలయం మాత్రమే ఉంటే మధ్యలో పోయిందని అర్థం. సందేహం ఉన్నదాన్ని 14వ రోజు దాకా ఉంచొచ్చు. కంపు కొట్టేదాన్ని, చెమర్చేదాన్ని వెంటనే బయటపడేయండి. మురిగిన గుడ్డు మిషన్‌లో పేలితే మిగతావన్నీ పాడవుతాయి.

పుట్టాక

పెట్ట కింద పుట్టిన పిల్లలకు మీరు చేయాల్సింది లోతు లేని గిన్నెలో నీళ్ళు, పిల్లల దాణా, పిల్లి, గద్ద, పందికొక్కు రాని గూడు. పెట్టలకు వేసే లేయర్ దాణా పిల్లలకు వేయకండి, దాంట్లో కాల్షియం ఎక్కువ, పిల్లల మూత్రపిండాలు పాడవుతాయి. ఆ రోజుల్లో తల్లి కూడా పిల్లల దాణా తిన్నా ఇబ్బంది లేదు, ఎలాగూ గుడ్లు పెట్టడం లేదు కదా.

మిషన్ పిల్లలకు, కొన్న పిల్లలకు మీరే తల్లి. మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీలు, ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ, ఈకలు పూర్తిగా వచ్చేదాకా వేడి ఉండాలి. అంకెల కంటే పిల్లలే బాగా చెప్తాయి. బల్బు కింద ఒకదాని మీదొకటి గుమిగూడితే చలి, దూరంగా పోయి నోళ్ళు తెరిస్తే వేడి. వేడి బల్బు పొట్టు మీద పడి నిప్పంటుకున్న షెడ్లు చాలా ఉన్నాయి, గొలుసుతో రెండు చోట్ల కట్టండి. వీలైతే పిల్లలు కిందికి దూరేలా ఉండే హీట్ ప్లేట్ వాడండి. ఒక్క పిల్లే పుడితే దాన్ని ఒంటరిగా పెంచకండి, రోజంతా అరుస్తూనే ఉంటుంది. కొక్కెర తెగులు టీకా ఏ వయసులో వేయాలో పశువైద్యుణ్ణి అడిగి తేదీ రాసి పెట్టుకోండి, పెట్ట పెంచినా మీరు పెంచినా ఇది తప్పదు.

రెండు దారులూ కలపొచ్చు కూడా, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే. పెట్ట పొదుగుకొచ్చిన రోజునే మిషన్‌లోనూ గుడ్లు పెడతాను, లేదా పెట్ట రెండు మూడు వారాలు కూర్చున్నాక ఒకటి రెండు రోజుల పిల్లల్ని తెస్తాను. బాగా చీకటి పడ్డాక, లైటు వేయకుండా, కింద ఉన్న గుడ్డునో ఉత్తుత్తి గుడ్డునో ఒక్కోటి తీస్తూ దాని స్థానంలో ఒక్కో పిల్లను రెక్క కిందికి జరపాలి. పిల్లల వయసు మూడు రోజులు దాటితే అవి తల్లి పిలుపును పట్టించుకోవు. తెల్లారేలోపే లేచి దగ్గరుండి చూడండి. పెట్ట లోగొంతుతో కొక్ కొక్ అంటూ ఒళ్ళు ఎత్తి చోటిస్తే ఒప్పుకున్నట్టే. పిల్ల తల మీద గట్టిగా పొడిస్తే మాత్రం అప్పటికప్పుడు తీసేయాలి. అందుకే ఆ రాత్రి బ్రూడర్‌లో, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే చోట, బల్బు ఆర్పకూడదు.